రంగులేసిన వీధులు, పేర్లు పెట్టిన మనుషులు

‘వర్గీకరణ’ అనగానే తెలుగువాళ్లకి సూపర్‌మార్కెట్ గుర్తురాదు. దండోరా గుర్తొస్తుంది. 1994లో మొదలై ముప్పై ఏళ్లు నడిచిన ఉద్యమం, కమిషన్లు, 2004లో ఒకలా 2024లో ఇంకోలా వచ్చిన సుప్రీంకోర్టు తీర్పులు గుర్తొస్తాయి. ఆ వాదనంతా ఒక ప్రశ్న చుట్టూ తిరిగింది: ఒకే పేరు కింద లెక్కేసిన జనంలో ఎవరికి ఎంత అందింది, ఎవరికి అందలేదు? మార్కెటింగ్‌వాళ్లు ‘సెగ్మెంటేషన్’ అనే పనిని మన కామర్స్ పుస్తకాల భాషలో ‘మార్కెట్ విభజన’ అనొచ్చు. విభజన అన్నది కూడా మనకి మామూలు మాట కాదు. ఈ రెండు మాటల వెనకా పంపకం ఉంది, పంచాయితీ ఉంది, రోడ్డెక్కిన జనం ఉన్నారు. షాపుల సెగ్మెంటేషన్ మీద మాత్రం ఎవరూ రోడ్డెక్కరు. తమని ఏ గడిలో వేశారో తెలిస్తే కదా!

దుకాణాలు జనాన్ని గళ్లలో పెట్టడం ఎలా నేర్చుకున్నాయో చూద్దామని ఈ వ్యాసం. ఇందులో విలన్లు పెద్దగా లేరు. చాలామంది మంచి ఉద్దేశంతోనే మొదలెట్టారు, కొందరైతే పేదల కోసమే మొదలెట్టారు. కానీ ఈ నూట యాభై ఏళ్లలో ఒక సంగతి నెమ్మదిగా తారుమారైంది. గళ్లు గీసేవాళ్లకి మనం రోజురోజుకీ బాగా కనిపిస్తున్నాం. ఆ గళ్లు మాత్రం మనకి కనిపించడం మానేశాయి.

*

ముందు పాత కిరాణా కొట్టు. కొట్టాయన కూడా మనుషుల్ని విడగొట్టేవాడు. ఎవరికి అరువివ్వాలి, ఎవరికి ‘అరువు రేపు’ అన్న బోర్డు చూపించాలి, ఎవరింటికి కుర్రాడిచేత బియ్యం బస్తా పంపాలి, ఎవరికి మంచి కందిపప్పు తీయాలి, ఎవరికి డబ్బా అడుగున మిగిలింది కట్టాలి... ఇదంతా ఆయన బుర్రలోనూ, గల్లాపెట్టె పక్కన ఉండే ఖాతా పుస్తకంలోనూ ఉండేది. ఆ లెక్కలో కులం ఉంది, పొలం ఉంది, జీతం వచ్చే తారీఖు ఉంది. అదేమీ న్యాయమైన పద్ధతి కాదు. కానీ అరువు పుట్టని మనిషికి ఆ సంగతి అక్కడే, పదిమంది ముందే తెలిసిపోయేది. మొహం మీద తిట్టొచ్చు, ఇంకో కొట్టుకి పోవచ్చు. చూపు రెండు వైపులా ఉండేది. కొట్టాయనకి మనం ఎంత తెలుసో, మనకి కొట్టాయనా అంతే తెలుసు.

ఐరోపాలో పాత దుకాణాలదీ ఇంచుమించు ఇదే తీరు. వచ్చినవాడి బట్టలు చూసి గుమాస్తా ధర చెప్పేవాడు, బేరం మొదలయ్యేది. పంతొమ్మిదో శతాబ్దంలో వచ్చిన డిపార్ట్‌మెంట్ స్టోర్లు దీన్ని మార్చేశాయి. 1852లో పారిస్‌లోని ‘బోన్ మార్షే’లో భాగస్వామిగా చేరిన అరిస్టీడ్ బూసికో పేరు ఇక్కడ ఎక్కువగా వినిపిస్తుంది. వస్తువు మీద ధర రాసి పెట్టడం, కొనకపోయినా లోపలికి రానివ్వడం, నచ్చకపోతే వెనక్కి తీసుకోవడం లాంటి పద్ధతులన్నీ ఆయనొక్కడే కనిపెట్టినవి కాకపోయినా, అంత పెద్ద ఎత్తున నడిపి చూపించాడు. ధర చీటీ ముందు అందరూ ఒకటే. ఇది చిన్న మార్పు కాదు.

అయితే దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ధర చీటీ వచ్చాక, ఎదురుగా ఉన్న మనిషి ఎవరో గుమాస్తాకి తెలియాల్సిన పని లేకుండా పోయింది. అంగడి పెద్దదైంది, జనం పెరిగారు, మొహాలు కలిసిపోయాయి. అప్పట్నుంచీ పెద్ద దుకాణాల ప్రయత్నమంతా, పోగొట్టుకున్న ఆ మొహం స్థానంలో ఇంకేదైనా పెట్టుకోవడం గురించే.

తొలి ప్రయత్నాల్లో నాకు బాగా నచ్చింది బోస్టన్‌లోని ఫైలీన్స్ వాళ్లది. 1909లో వాళ్లు తమ డిపార్ట్‌మెంట్ స్టోర్ కింద నేలమాళిగలో ‘ఆటోమేటిక్ బార్గెయిన్ బేస్‌మెంట్’ తెరిచారు. పద్ధతి చాలా సులువు. ప్రతి వస్తువు మీదా అది అమ్మకానికి వచ్చిన తేదీ ఉంటుంది. 12 అమ్మకపు రోజులు దాటితే ధర పావువంతు తగ్గుతుంది, ఇంకో 6 రోజులకి సగం, మరో 6 రోజులకి ముప్పావు వంతు. 30 రోజులకీ అమ్ముడవకపోతే ధర్మానికి ఇచ్చేస్తారు. డబ్బున్నావిడ మొదటి రోజే కొనుక్కుంటుంది. లేనావిడ, ఈలోగా ఎవరూ ఎత్తుకుపోకూడదని దణ్ణం పెట్టుకుంటూ ఇంకో వారం ఆగుతుంది. ఎవరు ఏ తరగతో షాపు తేల్చక్కర్లేదు, వాళ్లే తేల్చుకుంటారు. నియమం గోడ మీద రాసి ఉన్నట్టే. ఇది కూడా సెగ్మెంటేషనే, కానీ బహిరంగంగా జరిగేది.

*

సెగ్మెంటేషన్ అన్న ఆలోచన పుస్తకాల్లోకి రావడానికి ముందు కార్ల ఫ్యాక్టరీలోకి వచ్చింది. 1908 నుంచి 1927 వరకు హెన్రీ ఫోర్డ్ మోడల్ టి ఒక్కటే కోటిన్నర దాకా తయారు చేశాడు. ఒకే కారు, అందరికీ. దానికి ఎదురుగా 1920లలో జనరల్ మోటార్స్ అధిపతి ఆల్ఫ్రెడ్ స్లోన్ ఒక నిచ్చెన వేశాడు. కింది మెట్టు మీద షెవ్రొలే, పైమెట్టు మీద కాడిలాక్, మధ్యలో మిగతావి. ఎవరి జేబుకి తగ్గది వాళ్లకి. జీతం పెరిగేకొద్దీ మనిషి ఒక్కో మెట్టూ ఎక్కాలి, కంపెనీ మాత్రం దాటకూడదు. ఈ ఎత్తుకి ఫోర్డ్ దెబ్బతిన్నాడు.

పేరు పెట్టింది వెండెల్ స్మిత్. 1956లో ‘జర్నల్ ఆఫ్ మార్కెటింగ్’లో రాసిన చిన్న వ్యాసంలో ఆయన రెండు దారుల్ని విడదీసి చూపించాడు. ఒకటి, మన సరుకు మిగతావాటికంటే వేరని ప్రచారం చేసి, జనం కోరికని సరుకు వైపు వంచడం. రెండోది, జనం కోరికలు అసలు ఒకటే కాదని ఒప్పుకుని, సరుకుని వాళ్ల వైపు వంచడం. ఈ రెండోదే సెగ్మెంటేషన్. చదివితే ఎంతో ప్రజాస్వామికంగా ఉంటుంది. మనుషులు రకరకాలుగా ఉంటారు, ఆ రకాల్ని గౌరవిద్దాం అన్నట్టు.

కానీ కార్లు తయారు చేసేవాడికీ కొట్టు పెట్టేవాడికీ ఒక తేడా ఉంది. కారు ఎక్కడికైనా వెళ్తుంది. కొట్టు ఒక వీధిలో ఉంటుంది. ఆ వీధికి ఎవరొస్తారు, ఆ చుట్టుపక్కల ఎలాంటివాళ్లుంటారు అన్నది దుకాణదారుకి మొదటి ప్రశ్న. దానికి జవాబు మ్యాపుల్లోంచి వచ్చింది. ఆ మ్యాపులు మొదట గీసింది అమ్మకాల కోసం కాదు.

*

చార్లెస్ బూత్ 1840లో లివర్‌పూల్‌లో పుట్టాడు. ఓడల వ్యాపారి. లండన్‌లో ఎంతమంది పేదలున్నారో ఎవరికీ సరైన లెక్క తెలీదని, 1886లో సొంత డబ్బుతో సర్వే మొదలెట్టాడు. పిల్లలు బడికి వస్తున్నారో లేదో చూడ్డానికి ఇల్లిల్లూ తిరిగే స్కూల్ బోర్డు ఉద్యోగుల దగ్గర సమాచారం పోగేశాడు. జనాన్ని ‘ఏ’ నుంచి ‘హెచ్’ దాకా ఎనిమిది తరగతులు చేశాడు. లండన్ మ్యాపు తీసుకుని వీధి వీధికీ రంగులేశాడు. బాగా కలవారి వీధులకి పసుపు, మధ్యతరగతికి ఎరుపు, తర్వాత గులాబీ, ఊదా, లేత నీలం, ముదురు నీలం, అట్టడుగున నలుపు. నలుపు వీధుల గురించి మ్యాపు అంచున రాసిన వివరణ క్రూరంగా ఉంటుంది. అక్కడివాళ్లు దుర్మార్గులనీ, సగం నేరస్థులనీ రాశాడు. పేదరికం లెక్కతో పాటు విక్టోరియన్ పెద్దమనిషి తీర్పు కూడా ఆ రంగులో కలిసిపోయింది.

అయినా ఆ మ్యాపులు చేసిన మేలు చిన్నది కాదు. మహానగరంలో దాదాపు 30 శాతం మంది పేదరికంలో ఉన్నారని తేలింది. తాగుడు వల్లా సోమరితనం వల్లా పేదలవుతారని నమ్మిన సమాజానికి, చాలామంది పేదరికానికి కారణం చాలీచాలని కూలీ, దొరకని పని, ముసలితనం అని లెక్కలతో చూపించాడు. ముసలివాళ్లకి పింఛను ఇవ్వాలని బూత్ ఏళ్ల తరబడి వాదించాడు. 1908లో బ్రిటన్‌లో వృద్ధాప్య పింఛను చట్టం వచ్చింది, ఆయన కోరినంత విశాలంగా కాకపోయినా. మ్యాపు గీసి, కింది రంగుల వైపు వేలు చూపించి, ఇక్కడికి సాయం రావాలి అన్నాడు. అది వర్గీకరణకి ఒక ఉపయోగం.

ఎనభై ఏళ్ల తర్వాత బూత్ పుట్టిన ఊళ్లోనే ఈ కథ ఇంకో మలుపు తిరిగింది. 1970లలో లివర్‌పూల్ రేవు మూలపడుతోంది, ఉద్యోగాలు పోతున్నాయి. ఊరి నడిబొడ్డు పేటల పరిస్థితి మీద ప్రభుత్వం ఒక అధ్యయనం చేయించింది. రిచర్డ్ వెబర్ అనే యువ పరిశోధకుడు 1971 జనాభా లెక్కలు తీసుకుని, కంప్యూటర్ సాయంతో ఒకేలాంటి పేటల్ని ఒక గుంపుగా చేర్చాడు. ఉద్దేశం బూత్‌ది లాంటిదే. ఏ పేటకి ఎలాంటి సాయం కావాలో తెలుసుకోవడం. అన్ని పేద పేటలూ ఒకలా పేదవి కావు. ఒకచోట ముసలివాళ్లెక్కువ, ఇంకోచోట అద్దె గదుల్లో ఉండే కుర్రాళ్లెక్కువ, మరోచోట పిల్లలెక్కువ. మందు కూడా వేరుగా ఉండాలి.

తర్వాత ఈ పద్ధతిని దేశమంతటికీ విస్తరించారు. అప్పుడు మార్కెట్ రీసెర్చ్ వాళ్లకి ఒక ఆలోచన వచ్చింది. తమ సర్వేల్లో ఏ సబ్బు వాడతారు, ఏ పేపరు చదువుతారు అని చెప్పిన జనం చిరునామాల్ని ఈ పేటల గుంపులతో జతచేసి చూశారు. అతికినట్టు సరిపోయింది. మనిషి ఉండే వీధి తెలిస్తే చాలు, వంటింట్లో ఏముందో చాలావరకు ఊహించొచ్చు. వెబర్ సీఏసీఐ అనే కంపెనీకి వెళ్లాడు. 1970లు ముగిసేసరికి ‘ఏకార్న్’ అనే పేరుతో ఆ వర్గీకరణ అమ్మకానికొచ్చింది. ఎక్కడ కొత్త బ్రాంచి పెట్టాలి, ఎవరికి కేటలాగ్ పంపాలి అన్న ప్రశ్నలకి సూపర్‌మార్కెట్లు, బ్యాంకులు దాన్ని వాడుకున్నాయి.

ఇక్కడ కాసేపు ఆగాలి. గణితం మారలేదు. జనాభా లెక్కలు మారలేదు. మారింది ఒక్కటే, ఆ జాబితాని ఏ చివర నుంచి చదవాలి అన్నది. సాయం చేసేవాడు కింది నుంచి పైకి చదువుతాడు. అమ్మేవాడు పై నుంచి కిందికి చదువుతాడు, ఎక్కడో మధ్యలో ఆపేస్తాడు.

*

అమెరికాలో ఇదే పని ఇంకొంచెం ముందే జొనాథన్ రాబిన్ చేశాడు. 1963లో అక్కడి తపాలా శాఖ ఉత్తరాలు తొందరగా చేరడానికి జిప్‌కోడ్‌లు పెట్టింది (మనకి పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది). రాబిన్ స్థాపించిన క్లారిటాస్ కంపెనీ 1970ల మధ్యలో ఆ జిప్‌కోడ్‌లని జనాభా లెక్కలతో కలిపి, అమెరికాలోని పేటలన్నిటినీ 40 రకాలుగా విడగొట్టి, ‘ప్రిజమ్’ అని పేరు పెట్టింది. ఉత్తరం కోసం పుట్టిన అంకె మనిషికి గుర్తింపు చీటీ అయిపోయింది.

సాహిత్యం చదివేవాళ్లకి ప్రిజమ్‌లో ఆసక్తి కలిగించేది ఆ 40 పేర్లు. అంకెలిస్తే అమ్మకాలవాళ్లకి గుర్తుండవని ప్రతి గుంపుకీ ఒక పాత్రకి పెట్టినట్టు పేరు పెట్టారు. అందరికంటే పైన ‘బ్లూ బ్లడ్ ఎస్టేట్స్’. చదువూ డబ్బూ రెండూ ఉన్న నగరవాసులు ‘మనీ అండ్ బ్రెయిన్స్’. కళాకారులూ విద్యార్థులూ కలిసుండే పేటలు ‘బొహీమియన్ మిక్స్’. పల్లెటూళ్లవైపు ‘షాట్‌గన్స్ అండ్ పికప్స్’. అట్టడుగున, నలభయ్యో గుంపుకి ‘పబ్లిక్ అసిస్టెన్స్’, అంటే ప్రభుత్వ సాయం మీద బతికేవాళ్లు అని.

ఈ జాబితాలోనే ‘టొబాకో రోడ్స్’ అని ఒక గుంపు ఉంది, ‘నార్మా రే-విల్’ అని ఇంకోటి. ‘టొబాకో రోడ్’ 1932లో అర్స్‌కిన్ కాల్డ్‌వెల్ రాసిన నవల. జార్జియాలో భూమి చచ్చిపోయాక తిండికి మాడిపోయే కౌలు రైతు కుటుంబం కథ. ‘నార్మా రే’ 1979 నాటి సినిమా. బట్టల మిల్లులో పనిచేసే ఒకావిడ యూనియన్ పెట్టడానికి చేసిన పోరాటం. ఒకటి దక్షిణాది పల్లెల ఆకలిని, ఇంకోటి మిల్లు కార్మికుల హక్కుల్ని అమెరికాకి చూపించాయి. ఆ రెండు పేర్లూ చివరికి, ఏ జిప్‌కోడ్‌కి ఏ సరుకు ప్రకటన పంపాలో చెప్పే చీటీలుగా మిగిలాయి. సాహిత్యం మనిషిని అర్థం చేసుకోడానికి ఉపయోగపడుతుంది అంటుంటాం. నిజమే, ఎవరికి ఉపయోగపడుతుందో మాత్రం మనం చెప్పలేం.

*

పేట పద్ధతిలో ఒక లోపం ఉంది. ఒకే వీధిలో రిటైరైన టీచరూ ఉంటాడు, కొత్తగా చేరిన బ్యాంకు ఉద్యోగీ ఉంటాడు. చిరునామా ఇద్దర్నీ ఒకే గాట కట్టేస్తుంది. ఆ లోపాన్ని దాటింది బ్రిటన్‌లోని టెస్కో. 1995 ఫిబ్రవరిలో దేశమంతా ‘క్లబ్‌కార్డ్’ మొదలెట్టింది. కొన్నదాన్ని బట్టి పాయింట్లు, పాయింట్లకి ఓచర్లు. ఇది కొత్తేమీ కాదు, స్టాంపులంటించుకునే పాత స్కీములు టెస్కో కూడా నడిపి 1977లో ఆపేసింది. పోటీదారు సెయిన్స్‌బరీ అధిపతి దీన్ని ఎలక్ట్రానిక్ స్టాంపులంటూ తీసిపారేశాడు. ఆ ఏడాదే టెస్కో సెయిన్స్‌బరీని దాటి బ్రిటన్‌లో మొదటి స్థానానికి వచ్చింది.

తేడా పాయింట్లలో లేదు. స్టాంపుకి జ్ఞాపకం ఉండదు, కార్డుకి ఉంటుంది. క్లైవ్ హంబీ, ఎడ్వినా డన్ అనే దంపతులు 1989లో పెట్టిన డన్‌హంబీ అనే చిన్న సంస్థ, కార్డు ప్రయోగాత్మకంగా నడిచిన కొద్ది షాపుల లెక్కలు విశ్లేషించి టెస్కో డైరెక్టర్ల ముందు పెట్టింది. చైర్మన్ ఇయాన్ మెక్‌లారిన్ అప్పుడన్న మాట ఈ రంగంలో అందరూ చెప్పుకుంటారు. ముప్పై ఏళ్లుగా వ్యాపారం చేస్తున్న తనకంటే, మూడు నెలల్లో వీళ్లకే తన ఖాతాదారుల గురించి ఎక్కువ తెలిసిందనీ, అదే తనకి భయంగా ఉందనీ ఆయన అన్నాడట.

వాళ్లు చేసింది ఇది. మనిషి వయసూ జీతమూ వీధీ పక్కన పెట్టి, ముందు సరుకుల్ని వర్ణించారు. ఇది చవకదా ఖరీదైందా, వండుకునేదా వేడి చేసుకునేదా, తాజాదా డబ్బాలోదా, పిల్లలుండే ఇంట్లోదా. తర్వాత ఆ గుణాల్ని బుట్టలోంచి మనిషికి అంటించారు. చవక రకాలు ఎక్కువగా తీసుకుంటే ‘ధర చూసుకునేవాళ్లు’. కూరగాయలూ పిండీ తీసుకుంటే ఇంట్లో వండుకునేవాళ్లు. మన తిండే మనం అన్నమాట. మన పెద్దవాళ్లు అన్నాన్ని బట్టి గుణం అన్నారు. టెస్కో బిల్లుని బట్టి గుణం అంది.

దీనివల్ల పేదలకి నష్టమే జరిగిందని చెప్పలేం. ధర చూసుకునేవాళ్లు ఎవరో, వాళ్లు మాత్రమే కొనే సరుకులేవో తేలాక, టెస్కో ఆ సరుకుల ధరలే తగ్గించింది. అందరూ కొనే అరటిపళ్ల మీద తగ్గిస్తే ఆ లాభం కలవారికీ పోతుంది. చవక రకం సరుకు మీద తగ్గిస్తే అవసరమైనవాళ్లకే చేరుతుంది. మన ప్రభుత్వాలు సబ్సిడీ గురించి దశాబ్దాలుగా చేస్తున్న వాదనకి ఒక సూపర్‌మార్కెట్ జవాబు చెప్పింది, దానికి వేరే ఉద్దేశాలున్నా సరే.

కానీ ఫైలీన్స్ నేలమాళిగతో పోల్చి చూడండి. అక్కడ తేదీ చీటీ అందరికీ కనిపించేది. ఇక్కడ మూడు నెలలకోసారి ఇంటికొచ్చే కవరులో మనకి వచ్చిన కూపన్లే మనకి కనిపిస్తాయి. పక్కింటివాళ్లకి ఏమొచ్చిందో, మనకి ఎందుకు రాలేదో తెలిసే దారి లేదు.

*

నేను చేసే పని కూడా ఇలాంటిదే కాబట్టి లోపల ఏం జరుగుతుందో కొంచెం చెప్తాను. ఖాతాదారుల్ని గుంపులు చేయడానికి ఎక్కువగా వాడే పద్ధతి ‘కె-మీన్స్’. బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ లాయిడ్ 1957లోనే ఆలోచించాడు, 1967లో జేమ్స్ మెక్వీన్ ఆ పేరు పెట్టాడు. మనుషుల్ని చుక్కలుగా పరిచి, దగ్గరగా ఉన్న చుక్కల్ని ఒక గుంపుకి చేర్చడం, గుంపు మధ్య బిందువు మళ్లీ లెక్కగట్టడం, గుంపులు ఇక మారకుండా స్థిరపడేదాకా ఇదే తిప్పడం. అంతే. ఇందులో ‘కె’ అంటే ఎన్ని గుంపులు కావాలో ఆ సంఖ్య. అది యంత్రం చెప్పదు, మనం ముందే చెప్పాలి. ఆరు అడిగితే ఆరు ఇస్తుంది, తొమ్మిది అడిగితే తొమ్మిది ఇస్తుంది, ఏదీ తప్పనదు. సరైన సంఖ్య అంచనా వేయడానికి కొలతలున్నాయి, అవి ఒక్కోటి ఒక్కో మాట చెప్తాయి. ఒకసారి ఎన్ని గుంపులు కావాలని అడిగితే, క్లయింట్ వైపు నుంచి వచ్చిన జవాబు: ఒక స్లైడ్‌లో పట్టేన్ని.

ఆ తర్వాత పేర్లు పెట్టే మీటింగు. లెక్క ఇచ్చేది ‘గుంపు 4’ అని మాత్రమే. దాని సగటు బిల్లు, వచ్చే రోజులు, కొనే సరుకులు చూసి, ఒక గదిలో కూర్చున్న ఐదారుగురు దానికి పేరు పెడతారు. పేరు పెట్టిన మరుక్షణం ఆ గుంపు నిజమైపోతుంది. వచ్చే ఏడాది బడ్జెట్ దాని పేరు మీద రాస్తారు. ఆ గుంపుకి చవక ప్రకటనలే వెళ్తాయి, కాబట్టి వాళ్లు చవకవే కొంటారు, కాబట్టి మన గుంపు సరైందేనని మరుసటి ఏడాది లెక్కలు రుజువు చేస్తాయి.

ఈ లెక్కకి ఇంకో గుడ్డితనం ఉంది. కొన్నది దీనికి తెలుసు, కొనాలనుకుని కొనలేకపోయింది తెలీదు. ఒకావిడ నెయ్యి సీసా చేతిలోకి తీసుకుని, ధర చూసి, మళ్లీ అరలో పెట్టి, వనస్పతి ప్యాకెట్టు తీసుకుంటే డేటాబేస్‌లో పడేది ‘వనస్పతి ఇష్టపడే కస్టమర్’. పాత కొట్టాయన అయితే ఆ సీసా వెనక్కి పెట్టడం చూసేవాడు.

*

మన దేశంలో గళ్ల చరిత్ర పేటతో కాకుండా ఇంటి పెద్దతో మొదలైంది. మార్కెట్ రీసెర్చ్ సొసైటీ ఆఫ్ ఇండియా 1988లో ‘సోషియో ఎకనామిక్ క్లాసిఫికేషన్’ తెచ్చింది. ఆదాయం అడిగితే మనవాళ్లు నిజం చెప్పరు, ఆ సంగతి ఇన్‌కమ్ టాక్స్ శాఖకీ తెలుసు. అందుకని పట్నాల్లో ఇంట్లో ప్రధాన సంపాదనాపరుడి చదువూ వృత్తీ రెండే అడిగి, ఏ1 నుంచి ఈ2 దాకా ఎనిమిది గళ్లు చేశారు. చాలా ఏళ్లు మన టీవీలో ఏ ప్రకటన ఏ టైముకి రావాలో ఈ గళ్లే నిర్ణయించాయి.

2011లో దాన్ని మార్చారు. వృత్తి తీసేశారు, చదువు ఉంచారు, ఇంట్లో ఉన్న వస్తువులు లెక్కపెట్టడం మొదలెట్టారు. కరెంటు కనెక్షన్, సీలింగ్ ఫ్యాన్, గ్యాస్ స్టవ్, టూ వీలర్, కలర్ టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, కంప్యూటర్, కారు, ఏసీ, సాగుభూమి. ఈ పదకొండులో ఎన్నున్నాయి అన్నదే ప్రశ్న. గళ్లు పన్నెండయ్యాయి, ఏ1 నుంచి ఈ3 దాకా. మన మధ్యతరగతి జీవితాలు ఒక్కో వస్తువూ కొనుక్కుంటూ ముందుకెళ్లిన వరుస ఇదే. నాన్న స్కూటరు, అమ్మ గ్రైండరు, అన్నయ్య కంప్యూటరు కథలన్నీ ఈ జాబితాలో ఉన్నాయి (గ్రైండరు లేదు, ఉత్తరాదివాళ్లు రాసి ఉంటారు). ఇటీవల ఇంకో వర్గీకరణ వచ్చింది. అందులో ఇంట్లో ఎక్కువ చదువుకున్న ఆడమనిషి చదువు కూడా లెక్కలోకి తీసుకున్నారు. ఇంట్లో కొనే నిర్ణయాల్లో ఆడవాళ్ల చదువుకి పాత్ర ఉందని ఒప్పుకోడానికి మూడు దశాబ్దాలు పట్టింది.

ఈ గళ్లని దుకాణంగా మార్చిన మనిషి కిషోర్ బియానీ. 2001లో కోల్‌కతాలో మొదటి బిగ్ బజార్ పెట్టి, కొన్ని వారాల్లోనే హైదరాబాద్, బెంగళూరులో తెరిచాడు. దేశంలో మూడు భారతదేశాలున్నాయని ఆయన వాదన. మొదటిది ఖర్చుపెట్టే భారతం. రెండోది, మొదటిదానికి సేవలు చేసే భారతం, అంటే డ్రైవర్లు, పనిమనుషులు, ఆఫీసు ప్యూన్లు. మూడోది, పూట గడవడానికి కష్టపడే భారతం. అద్దాల మెరుపులు, వెడల్పాటి ఖాళీ వరసలు చూస్తే రెండో భారతం గుమ్మం దగ్గరే ఆగిపోతుందని ఆయన గమనించాడు. అందుకే బిగ్ బజార్‌ని కావాలనే సంతలా ఇరుకుగా, గందరగోళంగా పెట్టించాడు. గోధుమలు, బియ్యం చేత్తో తీసి చూసుకునేలా గుట్టలు పోయించాడు. రద్దీ తక్కువుండే బుధవారానికి చవక బేరాలు పెట్టాడు. ఏసీ షాపులోకి వెళ్లడానికి జంకే మనుషుల్ని లోపలికి పిలవడం గొప్ప పనే. గడి గీయడం ఒక్కోసారి తలుపు తెరవడం కూడా అవుతుంది. అయితే ఆ తలుపు తెరుచుకుంది మొదటి రెండు భారతాలకే. మూడోది ఆ లెక్క ప్రకారమే షాపు బయట ఉంది. 2022లో బిగ్ బజార్ కూడా మూతపడింది, కానీ ఆ మూడు గళ్ల ఆలోచన మాత్రం నేటి స్టార్టప్ ప్రెజెంటేషన్లలో నిక్షేపంగా బతికే ఉంది.

*

ఇప్పుడు బిల్లింగ్ దగ్గర “ఫోన్ నంబర్ చెప్పండి” అంటారు, చెప్పేస్తాం. వెనకున్నవాళ్లు వింటున్నారని కూడా చూసుకోం. ఆ పది అంకెలతో మన గడి ఏదో షాపుకి తెలుస్తుంది. మనకి తెలిసే దారి ఉందా? 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, మన సమాచారాన్ని ఏం చేస్తున్నారో సారాంశం అడిగే హక్కు ఇచ్చింది. మనమిచ్చిన ఫోన్ నంబరు మన సమాచారమే. మరి మన బిల్లులు చూసి వాళ్లు మనకి పెట్టుకున్న పేరు ఎవరిది? చట్టం దాని గురించి విడిగా ఒక్క మాట రాయలేదు.

తెలిస్తే ఏమవుతుంది అనొచ్చు. 2016లో అమెరికాలో ఏం జరిగిందో చూద్దాం. అమెజాన్ తన ప్రైమ్ సభ్యులకి, ఆర్డర్ చేసిన రోజే సరుకు చేర్చే సేవని కొన్ని నగరాల్లో నడుపుతోంది. ఏ జిప్‌కోడ్‌లకి ఆ సేవ ఉందో వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. ఏప్రిల్‌లో బ్లూమ్‌బర్గ్ విలేఖరులు ఆ జిప్‌కోడ్‌లన్నీ పోగేసి మ్యాపు గీసి, దాన్ని జనాభా లెక్కల మ్యాపుతో పోల్చారు. బోస్టన్ మొత్తానికి సేవ ఉంది, మధ్యలో నల్లవాళ్లు ఎక్కువగా ఉండే రాక్స్‌బరీకి లేదు. చుట్టూ ఉన్న పేటలన్నిటికీ వ్యాను వెళ్తుంది. న్యూయార్క్‌లో బ్రాంక్స్, షికాగోలో దక్షిణ పేటలు కూడా అంతే. తాము జాతి చూడలేదనీ, ప్రైమ్ సభ్యులు ఎక్కడెక్కువ ఉన్నారు, గిడ్డంగి ఎంత దూరం లాంటివే చూశామనీ అమెజాన్ చెప్పింది. అది నిజమే అయ్యుండొచ్చు. లెక్కలో జాతి అన్న గడి లేకపోయినా, వీధులకి పాత రంగులు అప్పటికే అంటి ఉన్నాయి. సభ్యుల లెక్క మీద నడిచే యంత్రం ఆ రంగునే తిరిగి గీసింది. వార్త వచ్చిన కొన్నాళ్లకే రాక్స్‌బరీకీ, తర్వాత బ్రాంక్స్‌కీ షికాగో దక్షిణ పేటలకీ సేవ విస్తరిస్తామని ప్రకటించారు.

రాక్స్‌బరీ జనానికి తమ వీధికి వ్యాను రాదని ముందే తెలుసు. ఆ రాకపోవడానికి ఒక ఆకారం ఉందని మాత్రం, ఎవరో రెండు మ్యాపులు పక్కపక్కన పెట్టాకే తెలిసింది. పెట్టగలిగారు కాబట్టి, కంపెనీ ఆ జిప్‌కోడ్‌లు దాచిపెట్టలేదు కాబట్టి.

బూత్ చేసిన పనిలో ఎన్ని తప్పులున్నా ఒకటి ఒప్పుకోవాలి. ఆయన మ్యాపు అచ్చేసి అమ్మాడు. నల్లరంగు పడిన వీధిలో ఉండేవాడు కూడా చదువు వస్తే దాన్ని చూసి, ఇది అబద్ధం అనొచ్చు. పదేళ్ల తర్వాత బూత్ మనుషులు పోలీసుల్ని వెంటబెట్టుకుని వీధి వీధీ మళ్లీ నడిచి, రంగులు మార్చారు. ఆ నోటుపుస్తకాలు ఇప్పటికీ లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఉన్నాయి, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చు. నూట పాతికేళ్ల కిందటి లండన్‌లో ఒక వీధికి ఏ రంగు ఎందుకు వేశారో హైదరాబాద్‌లో కూర్చుని ఎవరైనా చూడొచ్చు. మా వీధి చివర సూపర్‌మార్కెట్‌లో నా పేరు పక్కన ఏముందో మాత్రం నాకు తెలీదు.